మావయ్యగారి అతుకు

నమోదు 1

గోడ విప్పేవాళ్ళు ఏ రోజు ఏం చేశారో మాటలు రాసుకునే ఈ డబ్బాకి నోటితో చెప్పాలని నీటి సంఘం వాళ్ళ రూలు. చెప్పకపోతే నీళ్ళు కట్టేస్తారట. సరే, చెబుతున్నాను, విను. పేరు నూకరత్నం. నడిసముద్రంలో రెండో రిగ్గు, దాని పడమటి కాలు, కింది వరస ఇల్లు. మా ఆయన పేరు తాతాజీ. రాసుకుంటే రాసుకో, ఈ పనిలో ఆయన వల్ల అయ్యేది మాత్రం ఏమీ లేదు.

గోడ ఎందుకు విప్పుతున్నావంటావా. నా తోడికోడలు సుభాషిణికి ఏడో నెల. కాళ్ళు బూరెల్లా పొంగి చెప్పులు పట్టడం లేదు. కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయంటుంది. మొన్న ఆస్పత్రి పడవ వచ్చినప్పుడు డాక్టరమ్మ ఇందుమతిగారు చూసి, బీపీ ఇలాగే ఉంటే వచ్చేసారి పడవలో గట్టుకి తీసుకుపోయి బిడ్డని ముందే తీసేయాలి, ఆ బిడ్డ బతుకుతుందని మాత్రం మాట ఇవ్వలేను అంది. పోయిన కాన్పులోనూ ఇదే నెల, ఇదే వాపు. ఆ బిడ్డ దక్కలేదు.

దీనికి మా అత్తగారు కనిపెట్టిన కారణం ఒకటుంది. సుభాషిణి దొంగచాటుగా ఎండుచేపలు తింటోందట. పోయినసారీ అదే అంది, ఈసారీ అదే. ఊరగాయ జాడీలకి తాళం పడింది. ఆ పిల్ల చప్పిడి మెతుకులు తినబట్టి నెల దాటింది. బీపీ దిగిందా అంటే, ఎక్కడున్నది అక్కడే కూర్చుంది.

వెళ్ళబోతూ డాక్టరమ్మ దాహమేసి గ్లాసుడు నీళ్ళడిగింది. ఒక గుక్క తాగి, మింగాలా ఉమ్మాలా తెలీక, పాపం మర్యాద కోసం మింగింది. "ఇందులో ఉప్పేమైనా కలిపారాండీ?" అంది. మేం మొహమొహాలు చూసుకున్నాం. "లేదండి, మంచినీళ్ళేనండి" అన్నాడు మా ఆయన, చేతులు కట్టుకుని. పుట్టిన దగ్గర్నుంచి ఇవే తాగినవాళ్ళం, మా నాలుకలకి ఏం తెలిసి చస్తుంది. ఆవిడ పడవలోంచి గట్టు నీళ్ళ క్యాను ఒకటి దింపించి, ఈ అమ్మాయికి ఇవే తాగించండి, ఇవి అయిపోయేలోపు మీ నీళ్ళ సంగతి తేల్చుకోండి అని చెప్పి వెళ్ళిపోయింది.

ఈ రిగ్గు మీద బీపీ మాత్ర మింగని గడప లేదు. అడిగితే, "మా వంశంలో ఉందండి" అంటారు, అదేదో జమీందారీ ఉన్నట్టు. వంశంలో కాదు నాయనా, చెంబులో ఉంది.

నమోదు 2

సంఘం ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి గుమాస్తా లేవకుండానే పై ట్యాంకు ముల్లు చూపించాడు. ముల్లు పచ్చరంగు మీద ఉంది కాబట్టి నీళ్ళు తియ్యనివేనట. రిగ్గు కింద వేలాడే పొరలు సముద్రంలో ఉప్పంతా వడకట్టేసి తియ్యని నీళ్ళే పైకి పంపుతున్నాయట. "ట్యాంకు దాటాక మీ గొట్టాలు, మీ ఖర్మ" అన్నాడు. కడుపుతో ఉన్న మనిషి కోసం ట్యాంకు దగ్గరే బిందె పట్టుకుంటానంటే, సీలు తీస్తే నీళ్ళ దొంగతనం కింద రాస్తానన్నాడు. పక్క కాలు వాళ్ళని అడుగుదామా అంటే, ఇంటింటికీ కొలిచి వదిలే నీళ్ళు. ఈ రిగ్గు మీద జనం ప్రాణమైనా ఇస్తారు గానీ చెంబెడు నీళ్ళివ్వరు. ఆఖరికి ఆ ధర్మప్రభువు, పరీక్ష చేసుకోమని ట్యాంకు నీళ్ళు ఒక్క సీసా ఇచ్చాడు.

ఇంటికొచ్చి రెండు స్టీలు పళ్ళాలు తీశాను. ఒకదాంట్లో సీసా నీళ్ళు, ఒకదాంట్లో మా వంటింటి కుళాయి నీళ్ళు పోసి పొయ్యి మీద ఇగరబెట్టాను. మొదటి పళ్ళెం అడుగు శుభ్రంగా ఉంది. రెండోదాంట్లో తెల్లగా పెచ్చు కట్టింది. గోటితో గీరి మా అత్తగారికి చూపించాను.

"పళ్ళెం సరిగ్గా తోమలేదేమో" అంది.

అంటే ట్యాంకుకీ వంటింటికీ మధ్య ఎక్కడో సముద్రం మా ఇంట్లోకి వస్తోంది. ఎక్కడో తెలుసుకోవాలంటే గోడ వెనక ఏ గొట్టం ఎక్కడికి పోతుందో తెలియాలి. అది తెలిసినవాడు ఈ రిగ్గు మీద ఇంకా పుట్టలేదు.

నమోదు 3

పలకలు ఊడదీశాను. లోపల గొట్టాల మీద గొట్టాలు.

గొట్టాలు అచ్చేసే యంత్రం ఇంటికొకటి ఇవ్వడం అనేది మా మీద పగబట్టినవాడు చేసిన పనే అయ్యుండాలి. సముద్రంలో తేలే ప్లాస్టిక్కు చెత్త ఒక పక్క వేస్తే రెండో పక్క బూడిదరంగు గొట్టం వస్తుంది. తీపి నీళ్ళకీ అదే రంగు, దొడ్డికి పోయే సముద్రం నీళ్ళకీ అదే రంగు, వాడేసిన నీళ్ళకీ అదే రంగు. ఎవడికి ఏది కావాలంటే అది అచ్చేసి దూర్చేశాడు. ఒకచోట సైకిలు ట్యూబు చుట్టారు. ఒకచోట గుడ్డ కట్టి మైనం పోశారు. ఒకచోట కారుతున్న గొట్టం కింద చెంబు వేలాడదీసి, చెంబుకి చిల్లి పెట్టి, చిల్లికి ఇంకో గొట్టం తగిలించారు. ఆ మహానుభావుడెవరో తెలిస్తే దండ వేసేదాన్ని.

కాదు, నిజంగానే వేశారు. అదే ఇక్కడి రోగం. ఒకడు వేసిన అతుకు ఇంకొకడు విప్పకూడదు. వేసినవాడే విప్పాలి, వాడు పోతే వాడి రక్తం పంచుకున్నవాళ్ళు విప్పాలి. కాదని విప్పితే ఆ ఇంట్లో ఒక ప్రాణం పోతుందట. మొదట్లో అతుకు నిలబడితే మనుషులు నిలబడేవారు, నేను కాదనను. అప్పట్నుంచి ప్రతి అతుక్కీ పసుపు రాసి బొట్టు పెట్టడం మొదలెట్టారు. అతుకు పాడైతే దాన్ని ముట్టుకోకుండా చుట్టూ ఇంకో గొట్టం వేసుకుంటారు. అదీ పాడైతే దాని చుట్టూ ఇంకొకటి. ఇలా ప్రదక్షిణాలు చేసి చేసి గోడ నిండిపోయింది.

"ఈ గొట్టంలో ఏం పారుతుంది అత్తయ్యా?" అని అడిగాను.

"అది మీ పెద్ద మావయ్య వేసింది."

"ఏం పారుతుందీ అని అడుగుతున్నాను."

"ఆయన చెయ్యి మంచిదే. ఇప్పటిదాకా కారలేదు."

గొట్టంలో నీళ్ళ సంగతి అడిగితే గొట్టం వంశవృక్షం చెబుతుంది.

నమోదు 4

పేర్లు పెట్టడం మొదలెట్టాను. మా ఆయన పాత లుంగీలు పేలికలు చేశాను. నీలం గళ్ళది తీపి నీళ్ళకి, ఎర్రది సముద్రం నీళ్ళకి, ఏ రంగో చెప్పలేని ఆ మూడోది వాడేసిన నీళ్ళకి. లుంగీలు పోయాయని మా ఆయన మధ్యాహ్నం అన్నం తినలేదు. గొప్ప త్యాగం.

పద్ధతి ఏమిటంటే, ఒక చివర గరిటెతో కొట్టాలి, రెండో చివర చెవి పెట్టి వినాలి. కొట్టే పని మా ఆయనకిచ్చాను. ఒక గొట్టం కొట్టమంటే నాలుగు కొట్టాడు. "ఏదో ఒకటి తగులుతుంది కదా" అన్నాడు. గరిటె మా మరిది పుల్లేశుకిచ్చాను. సుభాషిణి మొగుడు, బిడ్డ తండ్రి, కాస్త శ్రద్ధ ఉంటుందనుకున్నాను. శ్రద్ధ ఉంది, కానీ బొట్టు పెట్టిన గొట్టం వచ్చిన ప్రతిసారీ గరిటె కింద పెట్టి దణ్ణం పెట్టుకుంటున్నాడు.

ఆఖరికి సుభాషిణే పీట వేసుకుని కూర్చుని గరిటె తీసుకుంది. వద్దన్నాను. "కూర్చుని కొట్టడమేగా అక్కా. పడుకుంటే భయమేస్తోంది" అంది. నేను పేలికలు కడుతూ పోయాను. సాయంత్రానికి సగం గోడ తేలింది. తీపి నీళ్ళదని మేమనుకునే ఒక గొట్టం అటూ ఇటూ ఎటూ పోవడం లేదు. రెండు చివరలూ మూసి ఉన్నాయి. దానికీ బొట్టుంది.

గట్టు నీళ్ళు తాగుతున్నందుకు సుభాషిణి మడమల దగ్గర వాపు కాస్త తీసింది. వేలితో నొక్కి చూశాను. క్యాను మాత్రం సగానికి వచ్చేసింది.

నమోదు 5

దొరికింది.

ఎర్ర పేలికలు కట్టుకుంటూ సముద్రం గొట్టం వెంట పోయాను. అది దొడ్డివైపు పోకుండా మధ్యలో ఒక కొమ్మ వేసి వంటింటి పక్కకి తిరిగింది. నీలం పేలికలు కట్టుకుంటూ ట్యాంకు నుంచి దిగాను. అదీ అక్కడికే వచ్చింది. రెండూ కలిసేది మా దేవుడి మూల వెనక, మావయ్యగారి అతుకులో.

ఆ అతుకు కథ ఈ రిగ్గు మీద తెలియనివాళ్ళు లేరు. పెద్ద గాలివాన వచ్చిన రోజున పై ట్యాంకు ఎగిరిపోయి నీళ్ళు లేవు, సరిగ్గా అదే వేళకి వంటింట్లో మంటలు లేచాయి. మావయ్యగారు సముద్రం గొట్టాన్ని కోసి ఇంటి గొట్టంలో కలిపేసి, ఆ నీళ్ళతో మంటలార్పారు. అత్తయ్య, ఇద్దరు పిల్లలు, ఇరుగుపొరుగు అందరూ బతికారు. ఆ తర్వాత ఆయన ట్యాంకు సంగతి చూడ్డానికి పైకెక్కారు. గాలి తీసుకుపోయింది. నేను అప్పటికి ఈ ఇంటి కోడలిని కాను, అయినా ఆయనంటే నాకు గౌరవమే. ఈ ఇంట్లో పనికొచ్చే పని చేసిన మగవాడు ఆయనొక్కడే.

ఆ అతుక్కి శుక్రవారం శుక్రవారం కొబ్బరికాయ కొడతారు. దీపం పెడతారు. దాన్ని ఒక్కసారి విప్పి లోపల ఏముందో చూసినవాడు మాత్రం లేడు. మంటలారాక సముద్రం వైపు మూయడానికి ఆయన లోపల ఏదో పెట్టే ఉంటారు. అది ఇప్పుడు పాడైంది. దొడ్డికి నీళ్ళు తోడే మోటరు వేసినప్పుడల్లా సముద్రం మా తీపి నీళ్ళలోకి కారుతోంది. ఈ కాలు మీద ఇళ్ళన్నిటికీ నీళ్ళు ఇక్కణ్ణుంచే పోతాయి. మా కాలు మీద అందరి వంశంలోనూ బీపీ ఎందుకుందో ఇప్పుడు తెలిసింది కదా.

అత్తయ్యకి చెప్పాను. పేలికలు చూపించాను. నాలుగు కుళాయిల నీళ్ళు నాలుగు పళ్ళాల్లో ఇగరబెట్టి ముందు పెట్టాను.

ఆవిడ దేవుడి మూలకి వీపు ఆనించి కూర్చుంది. "ఆయన చెయ్యి పెట్టిన చోటు అదొక్కటే మిగిలింది నాకు. శవం కూడా దొరకలేదు. దాన్ని విప్పితే నేనుండగా ఈ ఇంట్లో ప్రాణం పోతుంది" అంది.

"పోయినసారి ఒకటి పోయింది కదా అత్తయ్యా, విప్పకపోతేనే" అన్నాను.

ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది.

నమోదు 6

"చుట్టూ ఇంకోటి వేసేద్దాం వదినా" అన్నాడు పుల్లేశు. ఈ రిగ్గు మీద పుట్టినవాడు ఇంకేమంటాడు. సరే, వాడి ముచ్చట కూడా తీరనిద్దామని ట్యాంకు కింది నుంచి వంటింటికి సూటిగా కొత్త గొట్టం అచ్చేసి వేశాం. రోజంతా పట్టింది. నీళ్ళు పట్టి ఇగరబెట్టాను. పళ్ళెం మళ్ళీ తెల్లగానే ఉంది. వెనక్కి తిరిగి పేలికలు చూస్తే అర్థమైంది. పాతవాళ్ళు వేసిన చుట్టు గొట్టాలు నాలుగు వంటింటి కుళాయి దగ్గర మా కొత్తదాంట్లోకి కూడా కలుస్తున్నాయి. వాటిని కోద్దామంటే అన్నిటికీ బొట్లే.

మా ఆయన్ని అడిగాను. "మీరు పెద్ద కొడుకు. ఆయన రక్తం. మీరు విప్పొచ్చు."

"అమ్మ ఏడుస్తుందే" అన్నాడు. భయమేస్తోందే అని అనడానికి నోరు రాలేదు.

పుల్లేశుని అడిగాను. వాడు నిజంగానే ఏడ్చాడు. "విప్పాక బిడ్డకి ఏమైనా అయితే వదినా? నా చేత్తో నేనే చంపుకున్నట్టవుతుంది."

"విప్పకపోతే?"

వాడు చొక్కాతో మొహం తుడుచుకుంటూ బయటికి పోయాడు. మంత్రాలకి చింతకాయలు రాలవు గానీ, మంత్రాలకి భయపడి మనుషులు మాత్రం బాగా రాలిపోతారు.

నేనే విప్పేద్దును. పానా కూడా తీశాను. అప్పుడు మా అత్తగారు లేచి ఆ గోడకి అడ్డంగా నిలబడింది. పెద్దావిడని నెట్టేసి వెళ్ళే పాటి మనిషిని కాను నేను. కోపం వచ్చి వంటింట్లో గిన్నెలన్నీ ఒకసారి తోమేశాను.

క్యాను అయిపోయింది. పొద్దున సుభాషిణికి మళ్ళీ మా కుళాయి నీళ్ళే ఇచ్చాను. తాగకపోతే ఎండలకి చస్తుంది, తాగితే ఇది.

నమోదు 7

మధ్యాహ్నానికి సుభాషిణికి తలనొప్పి పట్టుకుంది. కళ్ళు సరిగ్గా ఆనడం లేదంది. నేను తడిగుడ్డ తేవడానికి వెళ్ళి వచ్చేసరికి మంచం మీద లేదు. చూస్తే దేవుడి మూల దగ్గర నిలబడి ఉంది, చేతిలో పానా.

అత్తయ్య అడ్డంగానే ఉంది. "నువ్వు ఈ ఇంటి రక్తం కాదు. పక్కకి తప్పుకో" అంది.

సుభాషిణి గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. అప్పుడూ గట్టిగా మాట్లాడలేదు. "నేను కాను అత్తయ్యా. నా కడుపులో ఉన్నది మావయ్యగారి రక్తమే. మనవడో మనవరాలో నాకూ తెలీదు. వేసినవాళ్ళ రక్తం విప్పొచ్చు అన్నారు కదా. దాని చేతులకి ఇంకా పట్టు రాలేదు. అందాకా నా చేతులు అరువిస్తున్నాను" అంది.

ఆ కట్టుబాటు వీళ్ళే పెట్టారు, దాంట్లో కడుపులో ఉన్నవాళ్ళకి హక్కు లేదని ఎక్కడా చెప్పలేదు మరి. మా అత్తగారు పక్కకి జరిగింది.

నేను పరిగెత్తి సముద్రం మోటరు కట్టించాను. పొరుగువాళ్ళు దొడ్డికి నీళ్ళెలా అని గొణిగారు. కాసేపు బిగబట్టుకోమన్నాను.

సుభాషిణి పానా తగిలించి లాగింది. కదల్లేదు. మళ్ళీ లాగింది. నేను ముట్టుకుంటే అత్తయ్య మళ్ళీ అడ్డం వస్తుంది, నాది పరాయి రక్తం. చూస్తూ నిలబడటం కంటే కష్టమైన పని ఇంకోటి లేదు. అప్పుడు పుల్లేశు వచ్చాడు. వెనక నిలబడి దాని చేతుల మీద తన చేతులు వేశాడు. ఆ వెనకే మా ఆయన. ముగ్గురూ కలిసి లాగితే, కీచుమని అరిచి తిరిగింది. ఉప్పు నీళ్ళు చిమ్మి దేవుడి పటాలన్నీ తడిసిపోయాయి.

లోపల కవాటం లేదు, ఇనుము లేదు. ఒక చెక్క బిరడా. దానికి గుడ్డ చుట్టి బిగించారు. చెక్క కుళ్ళిపోయి వేలు పెడితే పిండిలా రాలింది. గుడ్డ మాత్రం నిలిచింది. నేను తీసి తుడిచి చూస్తే, ఎర్ర గళ్ళు, పచ్చ అంచు.

అత్తయ్య నా చేతిలోంచి లాక్కుంది. నేల మీద కూలబడింది.

"నా చీర. కొంగు పట్టుకుని చించేశారు. ఉన్నది ఒక్కటే చీర, ఇదేం పనండీ అని తిట్టాను." చాలాసేపు ఆ గుడ్డ మడతలు విప్పుతూ కూర్చుంది. "తెల్లారాక తీసేస్తాలేవే అన్నారు. ఈ ఒక్క రాత్రికీ ఆగితే చాలు, పొద్దున్నే తీసేసి సరిగ్గా వేస్తాను అన్నారు."

ఆయన పొద్దున్నే విప్పేద్దామనుకున్నదానికి మేం ఇన్నేళ్ళుగా దీపం పెడుతున్నాం. నాకు తిట్టాలనిపించింది, ఎవర్ని తిట్టాలో తెలీలేదు. సుభాషిణి ఆవిడ పక్కనే కూర్చుండిపోయింది, నిలబడే ఓపిక లేక. అత్తయ్య దాని కాళ్ళ వాపు చూసి, అంత మనిషీ చేత్తో ఆ పాదాలు పట్టుకుంది.

"నువ్వు ఎండుచేపలు తినలేదు కదూ" అంది.

"లేదత్తయ్యా. పోయినసారీ తినలేదు."

అత్తయ్య ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇది కూడా రాసుకోవాలా నువ్వు? రాసుకో.

తర్వాత సముద్రం కొమ్మకి గట్టి మూత బిగించాను. తీపి గొట్టం సూటిగా కలిపాను. చుట్టు గొట్టాలు, బొట్లు ఉన్నవీ లేనివీ, మా ఆయనా పుల్లేశూ ఒక్కొక్కటీ విప్పేస్తుంటే పేలిక మీద పేరు రాసి కట్టుకుంటూ పోయాను. ఎవరు వేశారో కాదు. ఎక్కణ్ణుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, లోపల ఏముంది. అంతే.

నమోదు 8

కుళాయి నీళ్ళు ఇగరబెట్టిన పళ్ళెం శుభ్రంగా వచ్చింది. మా ఇంట్లోవాళ్ళు మాత్రం నీళ్ళు చప్పగా ఉన్నాయని మొహం మాడ్చుకుంటున్నారు. మంచినీళ్ళు చప్పగానే ఉంటాయని వీళ్ళకి చెప్పేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. మా ఆయన గ్లాసులో రహస్యంగా ఉప్పు రాయి వేసుకుంటుంటే పట్టుకున్నాను.

అలలు పెద్దవిగా ఉండి ఆస్పత్రి పడవ ఆలస్యమైంది. ఆ ఆలస్యమే మమ్మల్ని కాపాడింది. డాక్టరమ్మ వచ్చి సుభాషిణి చేతికి బీపీ పట్టీ చుట్టింది. చూసింది. విప్పి, రెండో చేతికి చుట్టి మళ్ళీ చూసింది. పుల్లేశు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు, వాడి బట్టల మూట పడవ ఎక్కడానికి సిద్ధంగా ఉంది.

"మూట విప్పేయండి. దిగింది. ఇంకా దిగాలి, మాత్రలు మానొద్దు. కానీ బిడ్డని ఇప్పుడు తియ్యక్కర్లేదు. నెలలు నిండనివ్వండి" అంది డాక్టరమ్మ. తర్వాత అడక్కుండానే గ్లాసుడు నీళ్ళు ముంచుకుని ఆఖరి చుక్క దాకా తాగింది.

సాయంత్రం తూర్పు కాలు నుంచి ఒకావిడ వచ్చింది. ఆవిడ కోడలికి ఐదో నెల, కాళ్ళు పొంగుతున్నాయట. గోడ వెనక చూడ్డానికి రమ్మంది. వస్తాను గానీ, బొట్టు పెట్టిన అతుకులు ముట్టుకోవద్దంటే మాత్రం నా టైము వేస్టు అన్నాను. "అదేనమ్మా చిక్కు, మా అత్తగారు ఇంకా ఉన్నారు. ఆవిడ ఒప్పుకోదు" అంది నసుగుతూ.

నాకు ఒళ్ళు మండి ఏదో అనబోయాను. ఈలోపు మా అత్తగారు లోపల్నుంచి వచ్చింది. చెప్పులేసుకుంది. పానా తీసి నా చేతికిచ్చింది.

"నడు. గొట్టాల సంగతి నువ్వు చూడు, ఆవిడతో నేను కూర్చుంటాను" అంది.